చప్పుడు లేని బూట్లు

చింతామణిలో ఎరువుల అంగడి పిళ్ళప్ప నడిచే తీరు బజారంతటికీ తెలుసు. ముందు పిళ్ళప్ప, వెనక ఆయన భార్య సుజాతమ్మ. సంతకు పోయినా అంతే, చావుకు పోయినా అంతే, కైవారం గుడికి పోయినా అంతే. పెళ్ళయిన కొత్తలో ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం ఉండేది. ఈమధ్య అది పదీ పదిహేను దాకా పెరిగింది. ఎందుకు పెరిగిందని పిళ్ళప్ప ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించాలంటే ముందు వెనక్కి తిరిగి చూడాలి కదా, ఆ అలవాటే ఆయనకు లేదు.

తిరిగి చూసే పని లేకుండా సుజాతమ్మ తోలు చెప్పులు కాపాడుతూ వచ్చాయి. అవి టపా టపామని పలుకుతున్నంతసేపూ భార్య వెనకే ఉన్నట్టు లెక్క. చప్పుడు ఆగిందా, దోవలో ఎవరో చుట్టాలు పలకరించారన్నమాట. అప్పుడు పిళ్ళప్ప కూడా ఆగి, ముందుకే చూస్తూ, తువాలుతో ముఖం తుడుచుకునేవాడు. మళ్ళీ టపా టపామంటే కదిలేవాడు. మాటలు కూడా అట్లాగే సాగేవి. ఆయన ఎదురుగా ఉన్న గాలితో మాట్లాడేవాడు, ఆమె వెనక నుంచి "ఊఁ" అనేది. ఆ "ఊఁ" వినపడకపోతే అలిగిందని అర్థం. ఇంటికి పోయాక కాఫీ ఆయనే పెట్టేవాడు, అలక తీరేది. చెడ్డవాడేమీ కాదు పిళ్ళప్ప. నడక తెలియదు, అంతే.

ఇట్లా సాగుతున్న కాపురంలోకి మొరాకో వచ్చిపడింది. డీఏపీ మూటలు బాగా అమ్మిన అంగళ్ళవాళ్ళను ఎరువుల కంపెనీ ఏటా ఏదో ఒక దేశం తిప్పుతుంది. ఈ ఏడు చిక్కబళ్ళాపురం జిల్లాలో ఆ భాగ్యం పట్టినవాళ్ళలో పిళ్ళప్ప ఒకడు, బాగేపల్లి గంగాధరప్ప ఇంకొకడు. భార్యలను కూడా పిలుచుకుని రావచ్చు. మన మూటల్లోని భాస్వరం చాలావరకు ఆ దేశపు రాయిలోంచే వస్తుందనీ, మన చేలకు తిండి పెట్టే నేలను ఒకసారి కళ్ళారా చూసి రావాలనీ కంపెనీ మనిషి మంజునాథ అంగట్లో కూర్చుని చాలా గొప్పగా చెప్పాడు. పిళ్ళప్ప ఎగిరి గంతేశాడు. సుజాతమ్మ మాత్రం కందిపప్పు చెరుగుతూ చాట కింద పెట్టింది.

"తిరపతికి పిల్చుకపోయినావు, ధర్మస్థలకు పిల్చుకపోయినావు, మైసూరు దసరాకు పిల్చుకపోయినావు. యాడికి పోయినా నేను సూసింది నీ ఈపే. మైసూరు ప్యాలెస్ ఎట్టుండాది అని ఆశా అడిగితే, నీలం గీతల చొక్కా మాదిరి ఉండాది అని చెప్పాల్సొచ్చె. ఈ తూరి నేను ఊరు సూడాల. పక్కన నడుస్తానంటే వస్తా, లేదంటే నువ్వే పోయిరా."

బెంగళూరు బ్యాంకులో పనిచేసే కూతురు ఆశా అప్పుడు వీడియో కాల్‌లో ఉంది. పడీ పడీ నవ్వింది. తండ్రి చేత ఒట్టు పెట్టించుకుంది. పిళ్ళప్ప ఒట్టు పెట్టాడు, పెట్టేటప్పుడు మనసారానే పెట్టాడు. ఆ ఆదివారమే ఆశా బూడిదరంగు బూట్లు ఒక జత తెచ్చి తల్లి కాళ్ళకు తొడిగింది. మెత్తని అడుగు, గులాబీ రంగు గీత. అక్కడంతా రాళ్ళు పరిచిన దోవలట, అమ్మ కాలికి ఇవే మంచివి అంది. చిలకపచ్చ చీర కింద ఆ బూట్లు చూసి పిళ్ళప్ప నవ్వాడే గాని, కూతురు అన్న మాట ఆయన చెవిన పడలేదు.

బూట్ల మహిమ బెంగళూరు విమానాశ్రయంలోనే బయటపడింది. అద్దంలా మెరిసే నేల మీద నాలుగడుగులు వేశాడో లేదో పిళ్ళప్పకు ఏదో పోయినట్టు అనిపించింది. జేబు తడుముకున్నాడు. నడుముకు కట్టుకున్న సంచి తడుముకున్నాడు. ఇద్దరి పాస్‌పోర్టులూ ఉన్నాయి, ఇద్దరి ఫోన్లూ ఉన్నాయి, భద్రంగా ఉండాలని అన్నీ తన దగ్గరే పెట్టుకున్నాడు. మరి పోయిందేమిటి? చాలాసేపటికి తెలిసింది, చప్పుడు పోయింది. దాంతో పది అడుగులకొకసారి వెనక్కి తిరిగి చూడక తప్పింది కాదు. విమానం ఎక్కే లోపలే మెడ పట్టేసింది. మెడకేమైందని గంగాధరప్ప అడిగితే దిండు పడలేదని చెప్పాడు.

మొదటి రెండు రోజులూ ఒట్టు నిలబడింది. కాసాబ్లాంకాలో సముద్రపు ఒడ్డున దోవ మన చింతామణి జోడి రోడ్డుకు రెండింతలుంది. పిళ్ళప్ప భార్య పక్కన నడిచాడు. కొత్తగా కాడి కట్టిన కోడె మాదిరి ఆయన కాళ్ళు ముందుకు లాగుతూనే ఉన్నాయి, అయినా నడిచాడు. సుజాతమ్మ సముద్రం చూసింది, ఒడ్డునే ఉన్న పెద్ద మసీదు స్తంభం ఎత్తు చూసి నోరు తెరిచింది, మొగుడి వైపు చూసి చిన్నగా నవ్వింది కూడా. మూడో రోజు బస్సు ఫెజ్ చేరింది.

ఫెజ్ అంటే వెయ్యేళ్ళు దాటిన ఊరు. చుట్టూ మట్టిరంగు కోటగోడ, లోపల లెక్కపెట్టలేనన్ని సందులు. ఆ సందుల్లోకి కారు పోదు, ఆటో పోదు. సామాను మోసేది గాడిదలూ కంచరగాడిదలే. ఊళ్ళోకి పోయే పెద్ద గవిని బయటివైపు నీలం పలకలతో, లోపలివైపు పచ్చ పలకలతో కట్టింది. దాని కింద నిలబడి గైడు ఇద్రీస్ ఇంగ్లీషులో, మంజునాథ కన్నడలో అందరికీ ఒక మాట మరీ మరీ చెప్పారు. లోపల ఎవరైనా తప్పిపోతే బెదిరిపోవద్దు, ఈ పెద్ద సందు పట్టుకుని ఎగువకు నడిస్తే చాలు, మళ్ళీ ఈ నీలం గవినికే వస్తారు, ఐదింటికి అందరం ఇక్కడే కలుద్దాం.

పిళ్ళప్ప ఆ మాట వినలేదు. ఆయన అప్పటికే గవిని దాటి అవతల నిలబడి, పచ్చ పలకలు నిమిరి చూస్తున్నాడు. ఫెజ్ గురించి కన్నడంలో ఎవరో చేసిన వీడియోను మూడు పూటలు చూసి వచ్చిన మనిషి. ఇక గైడుతో ఆయనకేం పని? సందు చూస్తే ఇద్దరు పక్కపక్కన నడిచే వీలు లేదు. ఎదురుగా ఒక గాడిద వస్తే ఒక్కరికే గతి లేదు.

"సందు ఇరుకు. నేను ముందర పోతా, నువ్వు ఎనకాలే రా," అన్నాడు.

సుజాతమ్మ కొంగు బిగించుకుని వెనక్కి జరిగింది. ఒట్టు తప్పింది తాను కాదు, సందు అని పిళ్ళప్ప తనకు తానే చెప్పుకున్నాడు. చెప్పుకున్నాక ఆయన కాళ్ళకు ప్రాణం లేచివచ్చింది.

మొదట బూ ఇనానియా మదరసా. పూర్వం పిల్లలు ఉండి చదువుకున్న శాల. నడుమ పాలరాతి ముంగిలి, గోడల కింది భాగమంతా రంగుపలకల అల్లిక, పైన సున్నపు చెక్కడం, ఆ పైన దేవదారు కొయ్య. సుజాతమ్మ తలెత్తి కొయ్యమీది చెక్కడం చూస్తూ నిలబడింది. సూసినాం గదా, పా పా అని పిళ్ళప్ప బయలుదేరదీశాడు. తక్కినవాళ్ళంతా ఇద్రీస్ చుట్టూ మూగి ఇంకా అక్కడే ఉన్నారు. చూడవలసినవి ఇంకా బోలెడున్నాయి, ఒకేచోట పాతుకుపోతే ఎట్లా అనేది ఆయన లెక్క.

పల్లంగా దిగే ఆ సందులో కొంతదూరం పోయాక టక్ టక్‌మని వెనక చప్పుడు మొదలైంది. పిళ్ళప్పకు ప్రాణం కుదుటపడింది. పాలరాతి మీద పలకని బూట్లు ఈ బండరాళ్ళ మీద పలుకుతున్నాయన్నమాట. పట్టేసిన మెడకు ఇక తిరగాల్సిన పని తప్పింది. హుషారుగా మొదలుపెట్టాడు. ఇది వడ్రంగుల చౌకు, ఆ రంగుపలకల కొళాయి చూడు, బాటసారుల కోసం కట్టించింది అన్నాడు. టక్ టక్. ఇది కరవియ్యీన్ మసీదు, పెద్ద చదువుల చోటు, కట్టించింది ఒక ఆడమనిషని చెప్తారు, చూసినావా ఆడోళ్ళ సత్తా అన్నాడు. ఈ మాటకు మెచ్చుకోలుగా "ఊఁ" వస్తుందనుకున్నాడు. రాలేదు. అలిగిందిలే అనుకున్నాడు.

కంచరుల చౌకులో అందరూ రాగి గంగాళాలు ఠంగు ఠంగుమని బాదుతున్నారు. ఆ మోతలో తన మాట తనకే వినపడలేదు. చౌకు దాటి ఇంకో సందులోకి తిరిగాక టక్ టక్ మళ్ళీ వినిపించింది. పాపం ఇంత దూరం నోరు మెదపకుండా వచ్చింది కదా అని ఆయనకు జాలి కలిగింది.

"ఏమే, టీ తాగుదామా? పుదీనా టీ అంట, ఈ ఊళ్ళో బాగుంటాదంట," అని, అలక తీర్చడానికి నవ్వుముఖం పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

వెనక గాడిద ఉంది.

వీపు మీద రెండువైపులా పచ్చి తోళ్ళు వేలాడుతున్నాయి. అది చెవులు ముందుకు పెట్టి, ఆయన చెప్పిందంతా శ్రద్ధగా విని ఇంకా వినడానికి సిద్ధమన్నట్టు నిలబడింది. దాని పక్కన యజమాని, తెల్ల గడ్డం పెద్దాయన, ఇంతసేపూ తనకోసమే మాట్లాడుతూ వచ్చిన పరదేశి వైపు ఎంతో మర్యాదగా చూస్తున్నాడు. వాళ్ళ వెనక సందు ఖాళీ.

పిళ్ళప్ప గాడిదను తోసుకుని వెనక్కి పరుగెత్తాడు. చౌకులో లేదు. చౌకు పక్క సందులన్నీ గంటసేపు గాలించి మళ్ళీ చౌకుకే తిరిగి వచ్చాడు, అయినా లేదు. జేబులో చెయ్యి పెడితే రెండు ఫోన్లు తగిలాయి. ఆమె ఫోనూ తన దగ్గరే, ఆమె పాస్‌పోర్టూ తన దగ్గరే, డబ్బులూ తన దగ్గరే. తెలుగూ కన్నడమూ తప్ప ఇంకో మాట రాని మనిషిని ఇన్ని సందుల ఊళ్ళో ఉత్త చేతులతో వదిలేశాడు. భద్రం భద్రం అని అన్నీ పెట్టుకున్నవాడు ఆమెను మాత్రం పెట్టుకోలేకపోయాడు. మంజునాథకు ఫోన్ చేద్దామంటే హోటల్ వైఫై దాటితే ఆ ఫోన్లు రెండూ అలంకారానికే. దిగువకు పోవాలో ఎగువకు పోవాలో తెలియదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సుజాతా," అని అరిచాడు.

బజారులో నిలబడి భార్యను పేరుపెట్టి పిలవడం ఆయనకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ పిలుపు విని తానే ఉలిక్కిపడ్డాడు. గంగాళాలు బాదేవాళ్ళు సుత్తులు ఆపారు.

ఒక కంచరి లేచి వచ్చాడు. పిళ్ళప్ప తన తువాలు తీసి భుజం మీదుగా చీరకొంగులా వేసుకుని, వంగి కాళ్ళ దగ్గర బూట్లు చూపించి, ఎట్లాగో తంటాలు పడి అభినయించాడు. కంచరి ముఖం విప్పారింది. "హింద్" అని నవ్వి, మసీదు వాకిలి వైపు చెయ్యి చూపించాడు. చిలకపచ్చ చీరా, బూట్లూ వేసుకుని పోయిన మనిషిని ఆ బజారులో చూడనివాడెవడు? ఆయన ఒక్కడే చూడలేదు.

కరవియ్యీన్ వాకిట కూర్చున్న కావలి మనిషికి మళ్ళీ తువాలు అభినయం చేశాడు. కావలి మనిషి నవ్వుతూ రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి చూపించాడు. అంటే ఆమె ఇక్కడ దణ్ణం పెట్టిందన్నమాట. తరువాత రెండు వేళ్ళు జోడించి చూపించాడు. ఒంటరిగా లేదు, పక్కన ఇంకొకరున్నారు. ఆ మాట కొంచెం ధైర్యం ఇచ్చింది. పరమతస్తులకు లోపలికి ప్రవేశం లేదు గాని, వాకిట్లోంచి చూడనిస్తారు. సుజాతమ్మ ఏం చూసి దణ్ణం పెట్టిందో చూద్దామని పిళ్ళప్ప గడప అవతలికి తొంగి చూశాడు. తెల్లని కమానులు, కడిగిన ముంగిలి, నడుమ నీళ్ళు చిమ్మే రాతి గిన్నె, దాని పక్కన చేతులు కడుక్కుంటున్న ఒక ముసలాయన. గంట కిందట ఈ వాకిటి ముందే గాడిదకు చరిత్ర చెప్పుకుంటూ పోయాడు. తాను మాత్రం కన్నెత్తి చూడలేదు.

కావలి మనిషి చూపిన దారిన పోతే తోళ్ళు ఊనబెట్టే చోటు వచ్చింది. అక్కడి అంగడివాడు ముక్కు దగ్గర పెట్టుకోమని ఒక పుదీనా రెమ్మ ఇచ్చి మిద్దె మీదికి పంపాడు. కింద తేనెపట్టులా రాతి తొట్లు, ఒక్కొక్కదాంట్లో ఒక్కో రంగు, తొడల దాకా దిగి తోళ్ళు తొక్కుతున్న మనుషులు. వేపపిండీ కోళ్ళ ఎరువూ అమ్మే పిళ్ళప్పకు ఆ వాసన ఒక వాసనే కాదు. తోళ్ళు మెత్తబడటానికి పావురాల రెట్ట కలుపుతారని అంగడివాడు ఇంగ్లీషు ముక్కల్లో చెబితే, ఇంకో రోజయితే దాని ధర కూడా అడిగి ఉండేవాడు. ఇవాళ "శారీ? శారీ?" అని మాత్రం అడిగాడు. శారీ మేడమ్ ఇక్కడే చాలాసేపు కూర్చుందట, కిందివాళ్ళకు చెయ్యి ఊపిందట, వాళ్ళూ ఊపారట. ఇప్పుడే పోయిందని మెట్ల వైపు చూపించాడు.

ఎక్కడికి పోయినా ఇదే వరస. ఇప్పుడే పోయింది. వడ్రంగుల చౌకులో రంగుపలకల కొళాయి దగ్గర ఆడవాళ్ళను అడిగాడు. ఆమె దోసిలి పట్టి నీళ్ళు తాగి, ముఖం కడుక్కుని, తడిచేత్తో ఆ పలకలను నిమిరి చూసిందని వాళ్ళు చేసి చూపించారు. పిళ్ళప్పా దోసిలి పట్టి తాగాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయి. ఆయనకు అప్పుడు ఒక సంగతి తట్టింది. సుజాతమ్మ ముందు పోతోంది, తాను వెనక పోతున్నాడు. ఎంత వేగంగా నడిచినా అందడం లేదు. వెనక నడవడం ఇంత కష్టమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కొళాయి దగ్గరివాళ్ళు ఎగువకు పొమ్మన్నారు. ఆ ఎగువన ఒకచోట సందు పొడుగునా గోడకు ఆనించి దారాలు లాగి కట్టి ఉన్నాయి. అంగీలకు అంచు కుట్టడానికి దర్జీలు అక్కడ పట్టుదారం పురిపెడతారు. దారం కనపడగానే పిళ్ళప్పకు అంతా తెలిసిపోయింది. సుజాతమ్మ పుట్టిల్లు శిడ్లఘట్ట. పట్టుగూళ్ళు ఉడికించి దారం తీసే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల. ఏడు సముద్రాల అవతల పట్టుదారం కనపడితే ఆమె కాళ్ళు ముందుకు పడతాయా? ఆమె ఆగింది ఇక్కడే. గాడిద ఆయన వెంట పడిందీ ఇక్కడి నుంచే.

దర్జీని అడిగితే అతను జవాబు చెప్పకుండా ఒక దారం కొన తెచ్చి పిళ్ళప్ప చేతిలో పెట్టి, గట్టిగా పట్టుకోమని సైగ చేసి సందు అవతలి కొసకు పోయాడు. పురి పూర్తయ్యేదాకా వదలకూడదట. కాళ్ళ కింద నిప్పులున్నట్టుంది పిళ్ళప్పకు. అయినా వదిలితే చిక్కు పడుతుంది. శిడ్లఘట్ట అల్లుడికి ఆ పాటి తెలుసు. నిలబడ్డాడు. మనుషులు ఆయన్ను తప్పుకుంటూ పోతున్నారు. దారం వేళ్ళ మధ్య సన్నగా అదురుతోంది. తల మీద పరిచిన తడికల సందుల్లోంచి ఎండ చారలు చారలుగా పడుతోంది. ఎవరింట్లోంచో వేయించిన జీలకర్ర వాసన వస్తోంది. ఫెజ్‌లో అడుగుపెట్టాక పిళ్ళప్ప ఒకచోట కదలకుండా నిలబడి చూసింది అప్పుడే. బాగుంది ఊరు అనుకున్నాడు. ఈ మాట చెప్పడానికి ఆమె పక్కన లేదు.

పురి అయ్యాక దర్జీ వచ్చి నవ్వుతూ సైగలతో కథంతా చెప్పాడు. ఆ అమ్మ కూడా ఇట్లాగే దారం పట్టింది, తన అక్కకు ఆమె చీరా ఆమె చెయ్యీ బాగా నచ్చాయి, చెయ్యి పట్టుకుని ఊరంతా తిప్పి చూపించి, ఇందాకే పైకి తీసుకుపోయింది. ఎగువన, నీలం గవిని దగ్గరికి.

పిళ్ళప్ప ఆ ఎగువ సందును ఎట్లా ఎక్కాడో ఆయనకే తెలియదు.

గవిని పక్క టీ అంగట్లో సుజాతమ్మ కూర్చుని గాజు గ్లాసులో పుదీనా టీ తాగుతోంది. ఎదురుగా మంజునాథ, ముఖం చెమటలు పట్టి, పిళ్ళప్పను చూడగానే లేచి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. ఇద్రీస్ ఆయన్ను వెతకడానికే సందుల్లోకి పోయాడట. ఆమె తప్పిపోలేదు. ఎగువకు నడిస్తే గవిని వస్తుందని పొద్దున చెప్పిన మాట విన్నది కాబట్టి, దర్జీ అక్కకు కూడా ఆ ఒక్క సంగతి సైగ చేసి హాయిగా వచ్చేసింది. తప్పిపోయింది పిళ్ళప్ప.

"వచ్చినావా," అంది సుజాతమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. "యాడికి పోయింటివప్పా అట్ల? నాకేం బయం లేదు, నీ గురించే బయపడితి."

పిళ్ళప్ప ఆమె పక్కన కూలబడ్డాడు. తిట్టాలనుకున్నవీ సంజాయిషీ చెప్పుకోవాలనుకున్నవీ దోవలోనే రాలిపోయాయి. గాడిద సంగతి మాత్రం చెప్పాడు. మంజునాథ నవ్వు ఆపుకోలేక అవతలికి పోయాడు. సుజాతమ్మ నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ గాడిద "ఊఁ" అనలేదా అని అడిగింది. తరువాత తాను చూసినవన్నీ ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. కొయ్య మీద తీగలు ఎట్లా చెక్కారో, రాతి గిన్నెలో నీళ్ళు ఎట్లా ఎగిరిపడ్డాయో, రంగు తొట్లలో దిగినవాళ్ళు ఎట్లా చెయ్యి ఊపారో, దర్జీ అక్క చెయ్యి ఎంత మెత్తగా ఉందో. చెబుతున్నంతసేపూ ఆమె ముఖం వెలుగుతూనే ఉంది.

"నీ ఈపు అడ్డం లేదు గదా, అంతా బాగా కనపడ్నాది," అంది చివరికి.

ఆ మాట ఆయనకు తగలవలసిన చోటే తగిలింది. బస్సు ఎప్పుడు కదులుతుందని అవతలున్న మంజునాథను కేకేసి అడిగాడు. అవతల గంగాధరప్ప భార్య తోలుసంచి బేరం ఇంకా తెగలేదని మంజునాథ చెప్పాడు. బస్సు కదలడానికి ఇంకా అరగంటయినా పడుతుంది.

"నేనేమీ సూడలేదు సుజాతా," అన్నాడు పిళ్ళప్ప. "నీ ఎనకాల పరిగెత్తడమే సరిపాయ. ఆ కొయ్య చెక్కడమన్నా ఒగ తూరి నువ్వే సూపిచ్చు, పా."

సుజాతమ్మ ఆయన ముఖంలోకి చూసింది. మాట నిజమో కాదో తేల్చుకున్నాక గ్లాసు కింద పెట్టి లేచింది.

"సందు ఇరుకు. నేను ముందర పోతా, నువ్వు ఎనకాలే రా," అంది.

మదరసా ఎంతో దూరం లేదు. ఆమె ముందు నడిచింది, ఆయన వెనక నడిచాడు. మెత్తని బూట్లు, చప్పుడు లేదు. చెవులు నమ్ముకుంటే మళ్ళీ గాడిదే గతి కాబట్టి కళ్ళు తిప్పకుండా నడవవలసి వచ్చింది. ఫెజ్ ఎట్లా ఉందని ఆశా అడిగితే చిలకపచ్చగా ఉందని చెప్పాలి అనుకుని లోపల లోపలే నవ్వుకున్నాడు. సుజాతమ్మ వీపు ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. ముడి కింద మెడ మీద వెంట్రుకలు పూర్తిగా తెల్లబడి ఉన్నాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో తెలియదు. ఆమె కుడికాలు పల్లంలో నేరుగా పడటం లేదు. ప్రతి అడుగుకూ ఒక చెయ్యి గోడకు ఆనిస్తోంది. మెట్టు వస్తే ఆగి, పక్కకు తిరిగి, ఒక్కొక్క కాలే దించుతోంది. పిళ్ళప్పకు నవ్వు ఆగిపోయింది.

"కాలు ఎన్నాళ్ళ నుంచి నొప్పి?" అన్నాడు.

"నాలుగైదేండ్లయినాదిలే. నీ నడక అందుకోలేక ఎనకబడతాంటి." ఆమె తిరిగి చూడలేదు. "ఆశాకు తెల్సు."

అందుకేనా ఆ బూట్లు. అమ్మ కాలికి ఇవే మంచివని అంది కూతురు, తాను నవ్వాడు. నాలుగడుగుల దూరం పదిహేను దాకా ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ ఆ టపా టపామనే చప్పుడు విని భార్య వెనకే ఉందని నిశ్చింతగా నడిచాడు గాని, ఆ చప్పుడు కుంటుతోందని ఆయన చెవులకు తెలియలేదు. ఎంత సిగ్గుపడ్డాడంటే, ఎదురొచ్చిన మనిషి దారి ఇమ్మని అడిగినా వినపడలేదు. గబగబా ముందుకు పోయి ఆమె చెయ్యి పట్టుకుందామనుకున్నాడు. సందులో చోటు లేదు. అందుకని నడక తగ్గించి, ఆమె ఆగినచోట ఆగుతూ, ఆమె దిగినట్టే ఒక్కొక్క మెట్టూ దిగుతూ పోయాడు.

మదరసా వాకిలి దగ్గర పడుతుండగా సుజాతమ్మ గోడకు చెయ్యి ఆనించి, ముందుకే చూస్తూ, ఎనకాలే ఉండావా అని అడిగింది.

"ఊఁ," అన్నాడు పిళ్ళప్ప.